తలుపు దగ్గర ఆగిపోయిన బొమ్మ

నేను చిన్నపిల్లగా ఉన్న రోజుల్లో మా నగరిలో మగ్గాల చప్పుడు ఆగేది కాదు. పొద్దున కళ్ళు తెరిచేసరికే వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా మొదలైపోయి ఉండేది. ఆ చప్పుడులోనే పాఠాలు చదువుకునేవాళ్ళం, దాన్ని దాటి వినపడేలా అరిచి మాట్లాడుకునేవాళ్ళం. సాయంత్రం పూట అది కాస్త సన్నబడిందంటే పక్కింట్లో టీవీ పెట్టారని అర్థం. తొంభైల మొదట్లో మా వీధికంతా అదొక్కటే టీవీ.

పక్కింటామెను మేమంతా బూబమ్మ అని పిలిచేవాళ్ళం. సాయబుల ఇళ్ళలో పెద్ద ఆడవాళ్ళను మా వైపు అలాగే పిలుస్తారు. ఆమె భర్తకు బస్టాండు దగ్గర గొడుగులూ తాళాలూ బాగుచేసే అంగడి ఉండేది. కూతుళ్ళకు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయిందని ఆయన ఆ టీవీ తెచ్చిపెట్టాడు. ఆమె దాని మీద తన చేత్తో అల్లిన లేసుగుడ్డ కప్పి, సాయంత్రం అయ్యేసరికి నేల మీద చాప పరిచి, వీధి పిల్లలందరికీ వాకిలి తెరిచేది. ఎవరినీ ఎందుకొచ్చావని అడిగిన మనిషి కాదు.

అది బ్లాక్ అండ్ వైట్ టీవీ. మాకు మద్రాసు స్టేషను బాగా అందేది, కాబట్టి మేం చూసేవన్నీ చాలావరకు అరవంలోనే. శుక్రవారం సినిమా పాటలు, ఆదివారం సాయంత్రం సినిమా, రోజూ పొద్దుగూకే వేళ రైతుల కార్యక్రమం. ఆదివారం పొద్దున మాత్రం హిందీలో పురాణ సీరియల్ వచ్చేది. హిందీ మాలో ఎవరికీ రాదు. బూబమ్మకు ఉర్దూ వచ్చు కాబట్టి ఆమె చెబితేనే మాకు కథ. అయితే ఆమె ఉన్నదున్నట్టు చెప్పేది కాదు. రాజు రెండు ముక్కలు మాట్లాడితే ఈమె చాలాసేపు చెప్పేది. ఆ రాణి కట్టిన చీర పచ్చది, అంచు వంగపండు రంగు అని కూడా చెప్పేది. మేం నమ్మేవాళ్ళం. ఒక వారం ఎవరైనా రాలేకపోతే మరుసటి రోజు పిలిచి కూర్చోబెట్టి, తప్పిపోయిన కథంతా చెప్పేది. టీవీలో చూసినవాళ్ళ కంటే ఆమె నోట విన్నవాళ్ళకే ఎక్కువ దొరికిందని మేం కుళ్ళుకునేవాళ్ళం.

అప్పటికే మా వీధిలో చాలామంది కరెంటు మగ్గాలు పెట్టుకున్నారు. మా ఇంట్లో మాత్రం ఇంకా గుంతమగ్గమే. మా అమ్మ గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసేది, మా నాయన పక్కన నూలు సవరించేవాడు. చేతిమగ్గం మీద టీవీకి ఒక చిన్న చిత్రం తీయాలని మద్రాసు నుంచి ఒక స్టూడియోవాళ్ళు వస్తే, నేతగాళ్ళ సంఘం గుమాస్తా వాళ్ళను నేరుగా మా ఇంటికే తీసుకొచ్చాడు. ఆ రోజు నాకు సంవత్సరపు పరీక్ష. నేను బడి నుంచి పరుగెత్తుకొచ్చేసరికి కెమెరా లేదు, మనుషులూ లేరు. మా అమ్మ పెళ్ళిళ్ళకు కట్టే చీరలో మగ్గం ముందు కూర్చుని నూలు అతుకుతోంది. ఏం అడిగారమ్మా, ఏం చెప్పావమ్మా అంటే నవ్వి, టీవీలో వస్తుందంట, అప్పుడు చూద్దువులే అంది.

అది టీవీలో వచ్చే నాటికి ఎండాకాలం సెలవులు. నేను బంగారుపాళ్యం దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో ఉన్నాను. మామిడి కోతల రోజులు. వస్తుందని కబురు తెలిసి, తలకు నూనె రాసుకుని మరీ ఆ ఊరి కరణం గారింటికి వెళ్ళి కూర్చున్నాను. అక్కడ టీవీకి మద్రాసు అందదని మాకెవరికీ తెలియదు. వాళ్ళబ్బాయి మిద్దె మీదికెక్కి ఏంటెనాను అన్ని దిక్కులకూ తిప్పాడు. చుక్కలు తప్ప ఏమీ రాలేదు. నేను ఏడుస్తూ ఇంటికొస్తే మా అమ్మమ్మ నా చేతిలో ఒక మామిడిపండు పెట్టింది.

బడి తెరిచే వేళకు నగరి వచ్చాను. వీధిలో అడుగుపెట్టగానే అందరిదీ అదే మాట. మీయమ్మ టీవీలో వచ్చింది, మీయమ్మ టీవీలో వచ్చింది. నేను ఇంట్లోకి వెళ్ళి అమ్మ మీద అలిగి కూర్చున్నాను. అందరూ చూశారు, నేనొక్కదాన్నే చూడలేదని. మా అమ్మ మగ్గం ఆపకుండానే అంది:

“నేను ఈడ్నే ఉండాను గదే. ఎంత సూస్తావో సూడు.”

నేను చూడలేదు. అలక కదా, గోడవైపు తిరిగి కూర్చున్నాను. అది పిల్లలందరూ చేసే పనే. ఆ మాట చివరి మాట కూడా కాదు. ఆ తర్వాత మేం చాలా మాటలు మాట్లాడుకున్నాం, కలిసి నవ్వుకున్నాం. కానీ వానాకాలం వచ్చింది, అమ్మకు కామెర్లు వచ్చాయి. ఆకుపసరు పోశారు, పత్యం పెట్టారు, చివరికి తిరుపతికి తీసుకెళ్ళారు. అక్కడి నుంచి మా నాయన ఒక వ్యానులో అమ్మను తీసుకొచ్చాడు. వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దంగా మా వీధిని నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

తర్వాతి నెలల్లో నన్ను పట్టి పీడించింది దుఃఖం ఒక్కటే కాదు. నాకు అమ్మ ముఖం జారిపోవడం మొదలైంది. చెయ్యి గుర్తుండేది, చీర కొంగు వాసన గుర్తుండేది. ముఖం తలచుకోబోతే సగమే వచ్చేది. ఇంట్లో ఒకే ఒక్క ఫోటో, పెళ్ళప్పటిది, చెమ్మ పట్టి మరకలు పడింది. అందులో ఉన్నది ఎవరో భయపడిపోయిన చిన్నమ్మాయి. నాకు తెలిసిన మనిషి కాదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, అమ్మ టీవీలో ఉందని.

వీధిలో అందరినీ అడగడం మొదలుపెట్టాను. ఎట్లా ఉండింది, ఏం మాట్లాడింది, ఎంతసేపు వచ్చింది? ఒకామె నవ్వుతూ ఉండిందంది. ఇంకొకామె తల ఎత్తనే లేదంది. ఒకాయన చాలాసేపు వచ్చిందన్నాడు. ఆయన భార్య, రెప్పపాటు కూడా లేదని ఆయన్ను కసిరింది. సినిమాల్లో ఆడమనిషి లాగా ఉండిందని ఒకరన్నారు. చూసినవాళ్ళ మాటలన్నీ పక్కపక్కన పెడితే ఒక్క మనిషి కూడా తయారు కావడం లేదు. మా నాయనను అడిగాను. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ పోయినప్పటి నుంచి ఆయన ఇంట్లో అమ్మ ఊసు ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే అక్కడ ఉండేవాడు కాదు.

టీవీలో ఒకసారి వేసినవి మళ్ళీ మళ్ళీ వేస్తారని మాకు తెలుసు. వేసిన సినిమానే మళ్ళీ వేసేవాళ్ళు, వేసిన పాటే మళ్ళీ వేసేవాళ్ళు. అమ్మను కూడా మళ్ళీ వేస్తారు. ఈసారి తప్పిపోకూడదు. అందుకని నేను రోజూ పొద్దుగూకకముందే వెళ్ళి బూబమ్మ ఇంట్లో చాప మీద కూర్చునేదాన్ని. రైతుల కార్యక్రమం మొదలు వార్తల దాకా, మధ్యలో ఆటంకం వచ్చి అరవంలో ‘చింతిస్తున్నాం’ అనే పలక పెట్టినా, కదిలేదాన్ని కాదు. పాటలు వచ్చే రోజు పిల్లలు చప్పట్లు కొడుతుంటే నాకు కోపం వచ్చేది. వాళ్ళ చప్పట్ల మధ్య అమ్మ వచ్చి వెళ్ళిపోతే?

మా ఊళ్ళో గాలి వీచిందంటే ఏంటెనా కదిలి, ఒక స్టేషను బొమ్మ మీద ఇంకో స్టేషను బొమ్మ వచ్చి పడేది. వార్తలు చదివే మనిషి భుజం వెనక లీలగా ఇంకెవరో నిలబడి ఉన్నట్టుండేది. దాన్ని మేం నీడబొమ్మ అనేవాళ్ళం. ఒక సాయంత్రం వాన ముందు గాలి లేచింది. వేరుశనగ తెగులు గురించి ఎవరో చెబుతున్నారు. ఆయన వెనక ఒక ఆడమనిషి తల వంచుకుని కూర్చుని ఉంది. ఆమె చెయ్యి ఇటూ అటూ ఆడుతోంది. నేను అరవలేదు. మెల్లగా లేచి వెళ్ళి అద్దం మీద అరచెయ్యి పెట్టాను. చీమ కుట్టినట్టు సన్నగా చిటచిటలాడింది. గాలి తగ్గింది. ఆమె లేదు.

ఆ రోజు నుంచి నాకు కార్యక్రమాలతో పని లేకపోయింది. నీడబొమ్మ కోసం చూసేదాన్ని. అన్నీ అయిపోయి తెర నిండా చుక్కలు పడితే వాటినీ చూసేదాన్ని. ఆ చుక్కల హోరులో మగ్గం ఆడుతున్న చప్పుడు వినపడేది నాకు. అన్నం సయించేది కాదు. బడికి వెళ్ళినా కిటికీలోంచి గాలి వస్తే మనసు ఇంటికి పరుగెత్తేది. తర్వాత బడికి వెళ్ళడం కూడా మానేశాను. మమ్మల్ని చూసుకోవడానికి వచ్చిన మా మేనత్త, పిల్లకు గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. వీధి ఆడవాళ్ళు నా ముందు మాటలు తగ్గించారు. టీవీ చూడడానికి వచ్చే పిల్లలు నాకు కాస్త దూరంగా జరిగి కూర్చునేవాళ్ళు. కొందరు రావడమే మానేశారు.

బూబమ్మ మాత్రం టీవీ ఆపలేదు, నన్ను పొమ్మనలేదు. ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. తెర మీద చుక్కలే ఉన్నాయి.

“ఏం కనబడతా ఉండాది బేటీ?”

“అమ్మ” అన్నాను.

ఆమె చాలాసేపు తెర వైపే చూసింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది.

“నాకైతే కనపళ్ళేదు. నీకు కనపడిందంటే నేను కాదనను. మొగం సూసినావా?”

చూడలేదు. ఎప్పుడూ తల వంచుకునే ఉండేది. ముఖం ఒక్కసారి కూడా పైకి ఎత్తలేదు. ఆ సంగతి నా నోటితో చెప్పాల్సి వచ్చేసరికి, అమ్మ పోయిన రోజు కూడా రానంత ఏడుపు వచ్చింది నాకు. బూబమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుంది. ఊరుకో అనలేదు.

మరుసటి రోజు ఆమె మా ఇంటికి వచ్చింది. ఆ సినిమా తీసిన స్టూడియో ఎక్కడుందో సంఘం గుమాస్తాను అడిగి కనుక్కున్నానని, పిల్లను మద్రాసుకు తీసుకెళ్తానని మా నాయనతో చెప్పింది. మా అత్త గట్టిగా వద్దంది. పోయినవాళ్ళను టీవీలో చూపిస్తే పిల్ల ఇక మనకు దక్కదంది. మా నాయన నూలు చేతిలో పట్టుకుని తల ఎత్తకుండా అన్నాడు:

“పోయినామె పోయింది. మళ్ళా ఎందుకక్కా తవ్వేది?”

“తవ్వతా ఉండేది నేను కాదప్పా. ఈ పిల్ల. రోజూ ఒక్కతే కూసోని తవ్వతా ఉండాది. నువ్వా పలకవు. నేను తోడు పోతానంటా ఉండాను, అంతే.”

మా నాయన నూలు కింద పెట్టాడు. మేం బయల్దేరే రోజు పొద్దున్నే లేచి నాకు జడ ఆయనే వేశాడు. వంకరగా వచ్చింది. అయినా అలాగే వెళ్ళాను.

మా ఊరి పక్కనే ఉన్న ఏకాంబరకుప్పం స్టేషన్లో రైలెక్కాం. అంత పెద్ద ప్రయాణం నాకదే మొదటిది. కిటికీ పక్కన కూర్చుని కూడా బయటికి చూసిన గుర్తు లేదు. అమ్మ ముఖం చూస్తాను, దాన్ని ఇక మర్చిపోకూడదు, రెప్ప వేయకుండా చూడాలి అని నాకు నేనే చెప్పుకుంటూ కూర్చున్నాను. రెప్ప వేయకుండా ఎంతసేపు ఉండగలనో దారి పొడుగునా సాధన చేశాను. కళ్ళు ఎర్రబడ్డాయి. బూబమ్మ చూసి, ఎందుకని అడిగి, నేను చెబితే తల నిమిరింది.

స్టూడియో ఒక సందులో మిద్దె మీద ఉంది. నల్లటి తెరలు, చల్లటి గది, గోడ నిండా టేపుల అలమర. గడ్డం ఉన్న సన్నటి మనిషి ఒకాయన లేచి వచ్చాడు. తెలుగువాడే. నగరి, గుంతమగ్గం అనగానే ఆయనకు గుర్తొచ్చింది. కెమెరా పట్టింది తానేనన్నాడు. బూబమ్మ విషయం చెప్పింది. ఆయన అలమరలో వెతికి ఒక టేపు తీశాడు, దాని మీద అంటించిన కాగితం చదివాడు, అక్కడే నిలబడిపోయాడు.

“పెద్దమ్మా, మేం ఒకే టేపును మళ్ళీ మళ్ళీ వాడతాం. దీనిపైన ఒక పెండ్లి ఎక్కించేసినాం. టీవీకి ఇచ్చింది మాకు తిరిగి రాదు. చెరిగిపోయినట్టే.”

“పెండ్లి కింద మా అమ్మ ఉంటుందా?” అని అడిగాను నేను.

ఆయన నవ్వలేదు. నన్ను ఒక ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, టేపును యంత్రంలో పెట్టి, నువ్వే చూడమ్మా అన్నాడు.

ఎవరిదో పెళ్ళి. ఆయన వేగంగా తిప్పుతుంటే మనుషులు పరుగులు పెడుతున్నారు. గబగబా తాళి కట్టారు, గబగబా అన్నాలు తిన్నారు, ముసలివాళ్ళు కూడా ఎగిరెగిరి నడిచారు. ఇంకొకప్పుడైతే పడీపడీ నవ్వేదాన్ని. అప్పుడు మాత్రం ఆ పెళ్ళికూతురి ముఖం వెనక, ఆ పూలదండల వెనక, వంటపాత్రల వెనక వెతుకుతున్నాను. వాళ్ళలో ఎవరికీ తెలియదు, తాము మా అమ్మ మీద నడుస్తున్నామని. ఆ మాట అప్పుడు నాకు ఎలా తోచిందో తెలియదు.

పెళ్ళి ఒక విస్తరి దగ్గర తెగిపోయింది. తెర మీద గీతలు పరుగెత్తాయి. స్టూడియో ఆయన ఆపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గీతల్లోంచి ఒక వీధి వచ్చింది.

మా వీధి.

రంగుల్లో ఉంది. వీధి పొడుగునా ఆరబెట్టిన నూలు ఎరుపూ పసుపూ. ఎవరిదో మేక ఒకటి అడ్డంగా నడిచి వెళ్ళింది. బూబమ్మ ఇంటి మీద ఏంటెనా కనిపించింది. బొమ్మ మెల్లగా పక్కకు జరుగుతూ మా ఇంటి దాకా వచ్చింది. మా నీలం తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చీకటి. బొమ్మ ఆ తలుపు దగ్గర ఆగింది. అక్కడే ఉండి, ఉండి, తెర నల్లబడిపోయింది.

ఇంట్లో పనంతా తీసుకున్నాక చివర్లో వీధి తీశామని ఆయన చెప్పాడు. పెళ్ళి అంత పొడుగు లేదు కాబట్టి ఆ చివరి ముక్క మిగిలిపోయిందన్నాడు. అంటే ఆ తలుపు వెనక, ఆ చీకట్లో, మా అమ్మ ఉంది. అప్పుడు, ఆ నిమిషంలో, బతికి ఉంది. ఇంకొన్ని అడుగులు వేస్తే కనిపించేది. నేను మళ్ళీ వెయ్యమన్నాను. ఆయన వేశాడు. మళ్ళీ అడిగాను, మళ్ళీ వేశాడు. విసుక్కోలేదు ఆ మనిషి. ప్రతిసారీ ఆ తలుపు కాస్త తెరుచుకుంటుందేమోనని చూశాను. ప్రతిసారీ అక్కడే ఆగింది.

తిరుగు రైల్లో బూబమ్మ తెచ్చిన అన్నం మూట విప్పి ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది. నేను నోరు తెరవలేదు. ఆమె ఆ ముద్ద చేతిలో అలాగే పట్టుకుని, కిటికీ వైపు చూస్తూ అంది:

“ఆ తలుపు లోపల అప్పుడు మీయమ్మ ఏం చేస్తా ఉండిందో నాకు తెలుసు.”

నేను తల తిప్పాను.

“నేను ఆడ్నే ఉంటిని గదా. పొద్దున్నించి బయంతో ఏమీ తిన్లేదు మీయమ్మ. వాళ్ళు కెమెరా ఎత్తుకోని అట్లా వీదిలేకి పోయినారో లేదో, ఆ పట్టుచీరతోనే పొయ్యికాడికి పోయి, సంగటి ముద్ద చట్టిలోనే చెనిక్కాయల ఊరిమిండి పచ్చట్లో అద్దుకోని నిలబడే తినింది. చీర మీద పడతాదే అంటే వినదే. ప్రశ్నలడిగేటాయన అరవంలో ఏందో అడిగినాడంట, దీనికి అర్దం కాలేదంట, అన్నింటికీ ‘ఆమా ఆమా’, అవునవునని తలకాయ ఊపినానని చెప్తా చెప్తా నవ్వింది. నవ్వి నవ్వి ఎక్కిళ్ళు వచ్చినాయి. నేను నెత్తిన తట్టినా, నీళ్ళు తాపినా. ఎక్కిళ్ళు నిలబడవు, నవ్వు నిలబడదు. బయట వాళ్ళు వీది తీస్తా ఉండారు, సప్పుడు చేయొద్దే అని నోరు మూసినాను నేను. నా చెయ్యి కొరికింది.”

బూబమ్మ తన ఎడమ చెయ్యి తిప్పి చూసుకుంది, అక్కడేదో ఇంకా ఉందన్నట్టు.

నేను ఆమెను చాలా ప్రశ్నలు అడిగాను. మగ్గం మీద అప్పుడు ఏం చీర ఉండింది, పూలు ఏవి పెట్టుకుంది, నవ్వినప్పుడు కళ్ళు ఎట్లా ఉండినాయి? ఆదివారం కథల్లో లాగా ఆమె అన్నింటికీ జవాబు చెబుతుందనుకున్నాను. కానీ గుర్తున్నవి చెప్పింది, లేనివాటికి తెలియదంది. పూల గురించి అడిగితే చాలాసేపు ఆలోచించి, గుర్తులేదు బేటీ అంది. అందుకే మిగతావన్నీ నిజమని నాకు నమ్మకం కుదిరింది. నవ్వితే మీయమ్మకు కుడివైపు పన్ను ఒకటి కొంచెం పైకెక్కి కనపడేది అని ఆమె అన్నప్పుడు, ఎంత వెతికినా దొరకని ముఖం మొత్తంగా నా ముందుకు వచ్చి నిలబడింది. చెమ్మ లేదు, నీడ లేదు. నోటి నిండా సంగటితో నవ్వుతోంది మా అమ్మ. అప్పుడు ఆ ముద్ద తిన్నాను.

స్టేషన్లో దిగేసరికి ఇంకా వెలుతురుంది. మా నాయన మగ్గం ఆపుకుని వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. మేం ముగ్గురం నడుచుకుంటూ ఇంటికి వచ్చాం. మా అరుగు మీద కూర్చోగానే బూబమ్మ ఆయనకు అంతా చెప్పింది. చెరిగిపోయిన టేపు సంగతి, మిగిలిన తలుపు సంగతి.

“పిల్ల తలుపు దాకా పోయి వచ్చిందప్పా. లోపలిది నాకు తెలిసినంత నేను చెప్పినా. నాకు తెలియంది నీ దగ్గర ఉండాది. నువ్వు చెప్పకపోతే ఈ పిల్ల మళ్ళా ఆ చుక్కల్లో ఎతుక్కుంటాది.”

మా నాయన చాలాసేపు అరుగు అంచును గోటితో గీరుతూ కూర్చున్నాడు. వీధిలో మగ్గాల చప్పుడు.

“టీవీలో వచ్చిన పొద్దు...” అన్నాడు. “ఆ పొద్దు సూసేసి ఇంటికి వచ్చినాక, దీపం కాడ నిలబడి నన్నడిగింది. ‘నేను అట్లా ఉంటానా?’ అని. నాకు ఏం చెప్పాలో తెలీలేదు. సిగ్గయింది. నవ్వేసి పండుకున్నా. బాగుండావని చెప్పింటే పోయేది. మళ్ళా చెప్పొచ్చులే అనుకున్నా.”

మా నాయన ఏడవడం అదే నేను మొదటిసారి చూడడం. మా అత్త లోపలి నుంచి గబగబా వచ్చి, ఆయన్ను చూసి, వాకిట్లోనే కూర్చుండిపోయింది. కాసేపటికి ఆమె కూడా నోరు విప్పింది. అమ్మ పెళ్ళయి వచ్చిన కొత్తలో తామిద్దరూ నీళ్ళకు వెళ్ళి బిందెలు మార్చుకుని వచ్చి ఇంట్లో తిట్లు తిన్న సంగతి చెప్పింది. పక్కింట్లో ఆ సాయంత్రం టీవీ పెట్టలేదు. పిల్లలు వచ్చి, బూబమ్మ మా అరుగు మీద ఉండడం చూసి, వాళ్ళూ వచ్చి కూర్చున్నారు. మా నాయన అమ్మ గురించి ఇంకొన్ని చెప్పాడు. పొద్దు పూర్తిగా పోయేదాకా ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు.

తర్వాత నేను బడికి వెళ్ళాను. టీవీ మళ్ళీ మామూలు టీవీ అయింది. శుక్రవారం పాటలకు నేనూ చప్పట్లు కొట్టాను. నీడబొమ్మలు పడుతూనే ఉండేవి. ఒక్కోసారి తల వంచుకున్న ఆడమనిషి కూడా కనిపించేది. ఆమె ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మ కాదని గట్టిగా చెప్పలేను. కానీ చూసి భయపడడం, అద్దం ముట్టుకోవడం పోయాయి. ఎవరికో అమ్మ అయి ఉంటుందిలే అనుకునేదాన్ని. కొన్నేళ్ళకు మా వీధిలోకి కేబులు వచ్చింది, ఏంటెనాలు దిగిపోయాయి, బొమ్మలు అద్దంలా స్పష్టంగా రావడం మొదలైంది. నీడబొమ్మలు లేని టీవీ నాకు మొదట్లో ఖాళీగా తోచింది.

పెళ్ళయి రేణిగుంటకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. చావు జరిగిన ఇంటికి వెళ్ళినప్పుడు అందరూ అనే మాటలు నేనూ అంటాను. కానీ లేచి వచ్చేముందు ఆ ఇంట్లో చిన్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ పక్కన కూర్చుని, పోయిన మనిషిని నేను చూసిన సంగతి ఒకటైనా చెబుతాను. మంచివాళ్ళు, దేవుడి లాంటివాళ్ళు అని చెప్పను. అవి వాళ్ళకు అందరూ చెబుతారు. ఏం తింటుంటే చూశానో, దేనికి కోప్పడితే చూశానో అది చెబుతాను. గుర్తులేనిదాన్ని గుర్తులేదనే అంటాను.

కొన్నేళ్ళ కిందట బూబమ్మ పోయిందని తెలిసి నగరి వెళ్ళాను. ఆమె మనవరాలు, పదేళ్ళ పిల్ల, ఒక మూల ఫోను పట్టుకుని కూర్చుని ఉంది. అందులో వాళ్ళ నానీ వీడియోలు చాలా ఉన్నాయి. ఆ పిల్ల ఒకదాని తర్వాత ఒకటి చూస్తోంది, ఏడవడం లేదు. నేను అందరి దగ్గరా సెలవు తీసుకుని, చెప్పులు వేసుకుని, ఆ పిల్ల దగ్గర వంగి, మీ నానీ ఒకసారి అరక్కోణం స్టేషన్లో మాకు సీటు ఇవ్వని ఒక లావుపాటి పోలీసాయనతో ఎట్లా పోట్లాడి, చివరికి ఆయన చేతే మాకు టీ తెప్పించిందో చెప్పాను. పిల్ల ఫోను పక్కన పెట్టింది.

“ఇంకా?” అంది.

నేను చెప్పులు విప్పి మళ్ళీ లోపలికి వెళ్ళి కూర్చున్నాను.